మేడ మీద మడి గది

నిడదవోలులో కామేశ్వరి అని ఒక ఇల్లాలు ఉండేది. పూజలోనూ వంటలోనూ ఆవిడకి వంక పెట్టేవాళ్ళు లేరు గానీ, ఎదుటివాళ్ళ తప్పు మరిచిపోవడం, తన తప్పు ఒప్పుకోవడం మాత్రం ఆవిడ వల్ల అయ్యేవి కావు.

ఆవిడ మడి సంగతి వీధంతటికీ తెలుసు. తెల్లవారగానే తలస్నానం చేసి, ఎవరూ తగలకుండా ఎత్తుగా ఆరేసుకున్న చీరని కర్రతో దింపి కట్టుకునేది. అక్కణ్ణుంచి వంట పూర్తయి, దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ఆవిడని తాకకూడదు. పప్పుగిన్నె చోట పప్పుగిన్నే ఉండాలి. గరిటె కుడిపక్కనే ఉండాలి. భర్త సోమయాజులు గారు వంటింటి గడప బయట నిలబడే కాఫీ అడిగేవారు. ఎప్పుడైనా పరధ్యానంలో లోపలికి అడుగేసి తగిలారో, ఆవిడ కేక వీధి చివరికి వినబడేది. మళ్ళీ స్నానం, మళ్ళీ వంట మొదటి నుంచి. ఆ రోజు ఇంటిల్లిపాదికీ భోజనం ఆలస్యమే.

కామేశ్వరికి ఒక్కడే తమ్ముడు, ఫణి. తణుకులో ఉద్యోగం చేసేవాడు. మరదలు రోహిణి. వాళ్ళకి ఒక్కతే కూతురు, ప్రణవి. ఆ పిల్లకి ఆటిజం. మాటలు బాగా తక్కువ. చెప్పకుండా ఎవరైనా ముట్టుకుంటే ఒళ్ళు కాలినట్టు అరిచేది. పెద్ద చప్పుళ్ళు పడేవి కావు. స్టీలు గ్లాసులు వరసగా పేర్చుకోవడం ఒక్కటే ఇష్టం. ఆ వరసలో ఒక్క గ్లాసు ఎవరైనా జరిపారా, ఇక ఆ పూటకి ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట శ్రావణ శుక్రవారం నాడు కామేశ్వరి వరలక్ష్మీ వ్రతం చేసుకుని, పేరంటానికి మరదల్నీ మేనకోడల్నీ పిలిచింది. రోహిణి గుమ్మంలోనే చెప్పింది, పిల్లకి గంధం వద్దు, మెడ మీద తడి తగిలితే ఓర్చుకోలేదు అని. కామేశ్వరి ఊఁ అంది. అంది గానీ, వ్రతం నాడు ఆడపిల్లకి గంధం రాయకుండా ఎలా పంపిస్తామని ఆవిడ మనసు ఒప్పుకోలేదు. వెనక నుంచి వచ్చి మెడకి రాసేసింది.

పిల్ల కెవ్వున అరిచి చెయ్యి విసిరింది. కుంకుమ భరిణ ఎగిరి కలశం మీద పడింది. కలశం మీది కొబ్బరికాయ దొర్లుకుంటూ పేరంటాళ్ళ మధ్యకి వచ్చింది.

"పిల్లని పెంచడం చేతకానివాళ్ళు పేరంటాలకి రాకూడదు," అంది కామేశ్వరి, అందరూ వింటూండగా.

రోహిణి పిల్లని ఎత్తుకుని, శనగలూ తాంబూలమూ అందుకోకుండానే గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

అంతే, అప్పటి నుంచి రాకపోకలు ఆగిపోయాయి. అమ్మవారి తాంబూలం కాదని వెళ్ళిపోయిన రోహిణిదే తప్పని కామేశ్వరి వాదన. పదిమందిలో అలాంటి మాట పడ్డ తనది తప్పెలా అవుతుందని రోహిణి బాధ. ఎదుటివాళ్ళు ముందు పలకరిస్తే చూద్దామని ఇద్దరూ కూర్చున్నారు. ఫణి మాత్రం ఇటు అక్కకీ అటు భార్యకీ మధ్య నలిగిపోయాడు.

ఇలా ఉండగా కామేశ్వరి కూతురు హైమకి పెళ్ళి కుదిరింది. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చి మండపంలో దింపుతాడు. హైమకి ఉన్న మేనమామ ఫణి ఒక్కడే. కామేశ్వరి ఫోన్ చేసి ముహూర్తం చెప్పింది. ఫణి అంతా విన్నాడు.

"అక్కా, హైమ గంప నేను మొయ్యాలనే నాకూ ఉంది. కానీ రోహిణీ ప్రణవీ రాని పెళ్ళికి నేను రాను. నువ్వొచ్చి వాళ్ళకి బొట్టు పెట్టి పిలు."

తాంబూలం వదిలేసి వెళ్ళింది నేనా అని కామేశ్వరి ఫోన్ పెట్టేసింది. దూరపు అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు గంప పట్టకపోరని ఇంట్లో అంది కూడా. హైమ తల్లిలాగే మొండి. మామయ్య మొయ్యకపోతే నేను నడిచే వెళ్తాను, ఇంకొకరి గంపలో కూర్చోను అని తేల్చి చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది. పీటల మీదికి మేనమామ లేకుండా నడిచివెళ్ళే కూతుర్ని తలుచుకుంటే కామేశ్వరికి అన్నం సహించలేదు. అలాగని తణుకు వెళ్ళడానికి కాళ్ళూ సాగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏడున్నర సీరియల్ రసకందాయంలో పడింది. అది కామేశ్వరీ, పక్కింటి మంగతాయారూ కలిసి చూసేవారు. అందులోనూ ఆటిజం ఉన్న పిల్ల ఒకతి. ఆ పిల్లని నానా మాటలూ అన్న మేనత్త ఒకతి. ఏడాది పొడుగునా సాధించి సాధించి, ఆ మేనత్త చివరికి ఒకనాడు వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. పిల్లని గుండెలకి హత్తుకుని భోరుమంది. అంతవరకూ నోరు విప్పని పిల్ల "అత్తా" అంది. ఉరుములు ఉరిమాయి. ఆ ముక్కనే మూడు పక్కల నుంచి మూడుసార్లు చూపించారు. తాయారు కొంగు తడిసిపోయింది. కామేశ్వరి మనసు వెన్నలా కరిగింది.

"పోనీలెండి, పాపం. క్షమించేస్తాను," అంది.

"ఎవరిని?" అన్నారు సోమయాజులు గారు.

"రోహిణిని."

ఆయన పేపరు దించి భార్య మొహంలోకి చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

మర్నాడే కామేశ్వరి పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణ తీసుకుని, తాయారుని వెంటబెట్టుకుని తణుకు బస్సెక్కింది. ఫణి ఆఫీసుకి వెళ్ళి ఉన్నాడు. రోహిణి తలుపు తీసి, ఆశ్చర్యపోయి, లోపలికి రమ్మంది. హాలు మధ్యలో ప్రణవి గ్లాసులు పేర్చుకుంటోంది. కామేశ్వరి మరదల్ని పలకరించనైనా లేదు. నా తల్లీ అంటూ వెళ్ళి పిల్లని లాగి గుండెలకి హత్తుకుంది. చూడు, ఇప్పుడు అత్తా అంటుంది చూడు అని తాయారు గుమ్మంలోనే కళ్ళొత్తుకోవడం మొదలుపెట్టింది.

ప్రణవి అత్తా అనలేదు. కామేశ్వరి చెయ్యి కొరికింది. గింజుకుని, గ్లాసులన్నీ చెల్లాచెదురు చేసుకుంటూ మంచం కిందికి దూరి, తల నేలకేసి కొట్టుకోసాగింది.

రోహిణి వెళ్ళి మంచం పక్కనే నేల మీద పడుకుంది. పిల్లని బయటికి లాగలేదు, ఊరుకోమనలేదు. పిల్ల తలకీ నేలకీ మధ్య ఒక దిండు జరిపి ఊరికే అలా ఉంది. చాలాసేపటికి ఏడుపు సన్నగిల్లింది. అప్పుడు లేచి వచ్చింది. మొహం అలిసిపోయి ఉంది.

"వదినా, సీరియల్లో పిల్ల డబ్బులు తీసుకుని కావలించుకోనిచ్చింది. మా పిల్ల వేషం వెయ్యడం లేదు."

రోహిణి గొంతు పెంచకుండానే, ఎన్నాళ్ళ విసుగో అంతా కక్కేసింది. పాలు పోసేవాడి దగ్గర్నుంచి ఇంటివాళ్ళ దాకా అందరూ ఆ సీరియల్ చూసేవాళ్ళేనట. ఒకరు పాట నేర్పించమంటారు. ఒకరు వానలో తడపమంటారు. పైవాటాలో ఉన్నావిడైతే, ఆ తల్లి ఎంత నవ్వుతూ ఉంటుందో చూశావా, నువ్వెందుకు నవ్వవు అని అడిగిందట.

"అందరూ చెప్పేవాళ్ళే. దీనికేం కావాలని నన్ను అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. ఆ రోజు గంధం వద్దని ముందే చెప్పాను. ఇవాళా చెప్పేదాన్ని, మీరు అడిగి ఉంటే."

కామేశ్వరి మూత తియ్యని భరిణతోనే వెనక్కి తిరిగింది. బస్సులో దారి పొడుగునా తాయారు దగ్గర వెళ్ళబోసుకుంది. నేనై నేను ఒక మెట్టు దిగి వస్తే ఇదా మర్యాద అంది. ప్రేమతో దగ్గరికి తీసుకుంటే విదిలించుకోవడం ఎక్కడి పెంపకం అంది. నిడదవోలు వచ్చేదాకా ఈ మాటే తిప్పి తిప్పి అంది. తాయారు తలూపి తలూపి మెడ నొప్పి తెచ్చుకుంది.

ఆ మర్నాడు పెళ్ళిపనులకి పసుపు దంచే ముహూర్తం. కామేశ్వరి పెందలాడే మడి కట్టుకుని, అమ్మవారికి పరమాన్నం వండింది. గిన్నె దింపబోతూ ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, హైమ పెళ్ళి మేనమామ లేకుండానే జరిగిపోతుందని. అప్పుడే పసుపు దంచడానికి వచ్చిన తాయారు ఆ కన్నీళ్ళు చూసింది. ఆవిడది జాలిగుండె. మడి మాటే మరిచిపోయి, గడప దాటి వచ్చి, ఊరుకో కామేశ్వరీ అంటూ వెనక నుంచి గట్టిగా కావలించుకుంది.

కామేశ్వరి కెవ్వున అరిచి మోచెయ్యి విసిరింది. గరిటె ఎగిరి గోడకి తగిలింది. పరమాన్నం గిన్నె బోర్లా పడి, పాలూ బెల్లమూ వంటిల్లంతా పారాయి.

"ముట్టుకోవద్దని తెలీదా నీకు? మడిలో ఉన్నది కనబడదా?"

తాయారుకి చిన్నతనమైంది. మొహం ఎర్రబడింది.

"ప్రేమతో దగ్గరికి తీసుకుంటే విదిలించుకోవడం ఎక్కడి పెంపకం?" అంది. అని, తను ఆ మాట ఎక్కడ నేర్చిందో గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కామేశ్వరి కదలకుండా నిలబడిపోయింది. కాళ్ళ కింద పరమాన్నం. గోడకి పాల చుక్కలు. రెండేళ్ళ కిందట హాల్లో దొర్లిన కొబ్బరికాయ కళ్ళకి కట్టింది. ఆ రోజు పిల్ల విసిరిన చెయ్యి, ఇవాళ తను విసిరిన మోచెయ్యి వేరువేరుగా ఏమీ లేవు. ఆవిడ మెల్లిగా తలెత్తింది. కేక విని వచ్చిన సోమయాజులు గారు అలవాటు చొప్పున గడప అవతలే ఆగి ఉన్నారు.

"ఇన్నేళ్ళూ నేనిలా అరుస్తుంటే మీకు కోపం రాలేదా?" అని అడిగింది.

"మొదట్లో వచ్చేది," అన్నారాయన. "తరవాత నీ గడప ఎక్కడుందో తెలుసుకున్నాను."

కామేశ్వరి మొదట తాయారు చేతులు పట్టుకుని తప్పయిందంది. మడి పోతుందనైనా చూసుకోలేదు. ఎలాగూ పోయిందిగా అంది తాయారు, ముక్కు చీదుతూ. తరవాత కామేశ్వరి వంటిల్లు కడిగి, స్నానం చేసి, మళ్ళీ పరమాన్నం వండి నైవేద్యం పెట్టింది. పసుపు దంచడం అయ్యాక మామూలు నేతచీర కట్టుకుని ఒక్కతే తణుకు వెళ్ళింది. వస్తానన్న తాయారుని వద్దంది.

రోహిణి తలుపు తీసింది. కామేశ్వరి లోపలికి అడుగు పెట్టలేదు.

"నిన్న నేను నిన్ను క్షమించడానికి వచ్చాను, రోహిణీ. అది బుద్ధి తక్కువ. ఆ రోజు నువ్వు వద్దని చెప్పాక కూడా గంధం రాసింది నేను. కలశం దొర్లింది నా వల్ల. పేరంటంలో ఆ మాట అన్నదీ నేనే. తప్పు నాది."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆ మాట రావడం ఆ రోజే మొదలు. రోహిణి తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆ మాట నేనింకా మరిచిపోలేదు వదినా. మరిచిపోయానని అబద్ధం చెప్పలేను."

"మరిచిపొమ్మని అడగడానికి రాలేదమ్మా. పిల్ల గడప ఎక్కడుందో అడిగి తెలుసుకుందామని వచ్చాను."

అప్పుడు రోహిణి లోపలికి పిలిచి, చాప వేసి, ఇన్నాళ్ళకి అడిగేవాళ్ళు దొరికినట్టు ఒక్కొక్కటే చెప్పింది. వెనక నుంచి వెళ్ళకూడదు, ఎదురుగా వెళ్ళాలి. ముట్టుకోకూడదు. తడి వద్దు, పొడి అయితే పర్వాలేదు. ఏదైనా ఇవ్వాలంటే చేతిలో పెట్టకుండా నేల మీద పెట్టి దూరంగా జరగాలి. అత్తా అను, మామా అను అని పిండకూడదు. ఆ తరవాత ఊరుకోవాలి. కామేశ్వరి వింటూ, మధ్యలో నిట్టూర్చింది. అన్నిటికంటే కష్టమైనది ఆ చివరిదేలా ఉంది అంది.

చెప్పినట్టే భరిణ మూత తీసి, నేల మీద పెట్టి, గోడ వారగా జరిగి కూర్చుంది. కూర్చుంటే కూర్చోవడమే. పిల్ల అటు తిరిగి చూడలేదు. నడుం పట్టేసింది. ఫ్యాను గాలికి కుంకుమ రేగుతోంది. అమ్మవారి గుళ్ళో పూజ చేయించి తెచ్చిన కుంకుమ అది. లేచి మూత పెడదామని ప్రాణం కొట్టుకుంటున్నా ఆవిడ కదల్లేదు.

చాలాసేపటికి ప్రణవి వచ్చింది. భరిణలో వేలు ముంచి చూసుకుంది. వెళ్ళి మొదటి గ్లాసుకి ఒక బొట్టు పెట్టింది. మళ్ళీ వచ్చి వేలు ముంచింది. రెండో గ్లాసుకి పెట్టింది. అలా వరసంతా, ఒక్కటి వదలకుండా. పూజకుంకుమ స్టీలు గ్లాసుల పాలవుతుంటే కామేశ్వరికి నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకుంది. మేనత్త నుదురు వైపు పిల్ల కన్నెత్తైనా చూడలేదు. పని అయ్యాక భరిణ మూత బిగించి వెళ్ళిపోయింది.

"గ్లాసులన్నిటినీ పెళ్ళికి పిలిచేసింది," అంది రోహిణి. అంటూ నవ్వింది.

"అయితే అన్నీ రావాలి. ఒక్కటి తగ్గినా ఊరుకోను," అంది కామేశ్వరి.

రోహిణి వచ్చి ఆవిడ ముందు కూర్చుని నుదురు వంచింది. కామేశ్వరి బొట్టు పెట్టింది. ఆ రోజు వదిలేసి వెళ్ళిన తాంబూలం ఇప్పుడిస్తే తీసుకుంటానంది రోహిణి. కామేశ్వరి సంచీలో తమలపాకులూ వక్కలూ ఉన్నాయి. శనగలు లేవు. పెళ్ళిలో ఇస్తానని అప్పు పెట్టుకుంది.

పెళ్ళినాడు కల్యాణమండపం మేడ మీద ఒక గది ప్రణవికి సిద్ధం చేయించింది కామేశ్వరి. గ్లాసులన్నీ సంచీలో వచ్చాయి. మేళంవాళ్ళని పిలిచి, మంగళసూత్రం వేళ తప్ప డోలు పెద్దగా వాయించవద్దని చెప్పింది. డోలు లేని పెళ్ళేమిటండీ అని వాళ్ళు గొణిగారు. మా పెళ్ళి ఇంతే అంది. కానీ అసలు చిక్కు విడిదింట్లో మొదలైంది. మగపెళ్ళివారి ఆడవాళ్ళందరూ ఏడున్నర సీరియల్ చూసేవాళ్ళే. అలాంటి పిల్ల ఈ పెళ్ళికి వచ్చిందని తెలియగానే, ఒక్కసారి చూస్తాం, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం అంటూ పట్టుచీరలు గరగరలాడించుకుంటూ మేడమెట్ల దగ్గరికి బయల్దేరారు. వియ్యపురాలే అందరికంటే ముందు.

వియ్యపురాలిని కాదంటే ఏమవుతుందో కామేశ్వరికి తెలియనిది కాదు. మెట్ల దగ్గర అడ్డంగా నిలబడి, చేతులు జోడించింది.

"వదినగారూ, ఆ గదిలో మడి. ఎవరూ వెళ్ళకూడదు."

వియ్యపురాలు టక్కున ఆగిపోయింది. మడి అంటే ఆవిడకి తెలుసు. అయ్యో, తెలియక వచ్చాం అని కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. వెనకాలవాళ్ళూ వేశారు.

గంప మోసుకొచ్చే వేళయింది. పిల్లని కనిపెట్టుకుని రోహిణి గదిలోనే ఉంది. భర్త గంప ఎత్తడం చూడాలని ఆవిడకీ ఉంటుందిగా. కామేశ్వరి మేడెక్కి వెళ్ళి, నువ్వు కిందికి వెళ్ళమంది. కన్నతల్లి మీరు చూడకపోతే ఎలా అంది రోహిణి. కన్యాదానానికి పీటల మీద నేనే కదా ఉంటాను, అప్పుడు తనివితీరా చూసుకుంటాను, ఇప్పుడు నువ్వెళ్ళు అని పంపేసి, కామేశ్వరి గది గడప బయట నేల మీద చతికిలపడింది.

కింద సన్నాయి మోగింది. తమ్ముడు గంప ఎత్తాడని, హైమ వచ్చేస్తోందని జనం సందడిని బట్టి తెలుస్తోంది. తొంగి చూస్తే కనబడుతుందేమో గానీ, చూడాలంటే లేవాలి. ఆవిడ లేవలేదు. లోపల ప్రణవి గ్లాసుల వరస పేరుస్తోంది. గోడ దగ్గర మొదలైన వరస గది మధ్యకి వచ్చింది. అక్కణ్ణుంచి మలుపు తిరిగి గుమ్మం వైపు వచ్చింది. ఆఖరి గ్లాసు తెచ్చి, గడపకి లోపలివైపు, కామేశ్వరి మోకాలికి జానెడు దూరంలో పెట్టి, తిరిగి వెళ్ళిపోయింది ఆ పిల్ల. దాని మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

కామేశ్వరి ఆ గ్లాసు ముట్టుకోలేదు. రోహిణి తిరిగి వచ్చేదాకా దాని పక్కనే కూర్చుంది.

నీతి: తప్పు చేసినవారు కన్నీళ్ళు పెట్టుకున్నంత మాత్రాన క్షమాపణ పూర్తి కాదు, ఎదుటివారి గడప ఎక్కడుందో అడిగి తెలుసుకుని, దాని ఇవతల ఓపికగా కూర్చోవడం నేర్చుకున్నప్పుడే అది పూర్తవుతుంది.